రాసినవాళ్లు చూడని పుస్తకాలు

సిడ్నీ

అన్నయ్యా,

పాతకాలపు సముద్రయాత్రల పుస్తకాల సంగతి కనుక్కుని రాయమన్నావు. కనుక్కున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, తీరిగ్గా చదువు.

ఈ ఊళ్లో మాక్వారీ వీధిలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర గ్రంథాలయం ఉంది. దాని పక్కనే మాథ్యూ ఫ్లిండర్స్ అనే నావికుడి విగ్రహం, ఆ వెనక కిటికీ గట్టు మీద ఆయన పెంచుకున్న పిల్లి ట్రిమ్ బొమ్మ ఉంటాయి. యజమానితో పాటు ఓడలో ఆస్ట్రేలియా ఖండం చుట్టి వచ్చిన పిల్లి అది. ఆ విగ్రహం అక్కడ వెలిసిన కథ నీలాంటివాడు వినాల్సిందే. ఫ్లిండర్స్ కూతురి కొడుకు, ఈజిప్టు తవ్వకాల్లో పేరుమోసిన ఫ్లిండర్స్ పీట్రీ, తాతగారి కాగితాలు తన దగ్గరున్నాయనీ, ఆస్ట్రేలియాలో ఏ రాష్ట్రం ముందుగా ఆయనకి విగ్రహం నిలబెడితే ఆ రాష్ట్రానికే ఇస్తాననీ మాటిచ్చాడు. సిడ్నీ వాళ్లు ముందుకొచ్చారు. 1925లో విగ్రహం నిలబడింది, కాగితాలు గ్రంథాలయం చేరాయి. కొన్ని రాతప్రతుల కోసం ఒక ప్రభుత్వం కంచు పోత పోయించిందంటే వినడానికే ఎంత హాయిగా ఉందో చూడు.

ఆ కాగితాలు పడ్డ పాట్లు కూడా తక్కువవి కావు. ఫ్లిండర్స్ 1802, 1803 సంవత్సరాల్లో ఈ ఖండం చుట్టూ తీరాన్ని కొలిచాడు. ఓడ చెక్కలు కుళ్లిపోతే ఇంకో ఓడలో ఇంగ్లండుకి బయల్దేరాడు. అది పగడపు దిబ్బకి కొట్టుకుని పగిలింది. ఆయన చిన్న పడవ వేసుకుని వందల మైళ్లు తెరచాప మీదా తెడ్ల మీదా సిడ్నీకి వచ్చి, సాయం తీసుకుని మళ్లీ వెళ్లి, ఇసుకతిన్నె మీద మిగిలినవాళ్లని కాపాడాడు. పటాలు, దినచర్య పుస్తకాలు చాలావరకు దక్కాయి. ఆపైన ఒక చిన్న నావలో ప్రయాణం కడితే, అది కారుతోందని మారిషస్‌లో ఆగాడు. ఫ్రాన్సుకీ ఇంగ్లండుకీ యుద్ధం నడుస్తున్న కాలం. అక్కడి ఫ్రెంచి గవర్నరు ఆయన్ని గూఢచారి అని అనుమానించి 1803 డిసెంబరు నుంచి 1810 జూన్ దాకా కదలనివ్వలేదు. చివరికి ఇల్లు చేరి, కూర్చుని రెండు పెద్ద సంపుటాలు, ఒక పటాల సంపుటం సిద్ధం చేశాడు. 1814 జూలై 18న పుస్తకం వెలువడింది. 19న ఆయన కన్నుమూశాడు. పుస్తకం తెచ్చి మంచం మీద పెట్టేసరికే ఆయనకి స్పృహ లేదని చెబుతారు. అప్పటికి వయసు నలభయ్యే.

ఈ కథ విన్నాక నాకో సంగతి పట్టుకుంది. ఇక్కడ గ్రంథాలయంలోనూ పాత పుస్తకాల అంగళ్లలోనూ కనబడిన గొప్ప సముద్రయాత్రా గ్రంథాలు ఒక్కొక్కటే వివరం అడుగుతూ పోతే, చాలావాటిని రాసినవాడు అచ్చులో చూసుకోలేదు. మనిషి దారిలో పోయాడు, రాత ఒడ్డుకి చేరింది. చేరిన రాతని అందుకునేవాడు ఒకడు కావాలి కదా. ఈ పుస్తకాలు సేకరించేవాళ్ల మీద నాకు గౌరవం పెరగడానికి కారణం అదే. ఇన్నాళ్లూ దీన్ని డబ్బున్నవాళ్ల సరదా అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోను.

కెప్టెన్ కుక్ సంగతే చూడు. ఎండీవర్ ఓడలో మొదటి యాత్ర ముగించుకుని 1771లో ఇంగ్లండు చేరాడు. నౌకాశాఖ వాళ్లు ఆయన దినచర్యనీ, అదే ఓడలో వెళ్లిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ రాతల్నీ జాన్ హాక్స్‌వర్త్ అనే రచయిత చేతిలో పెట్టి పుస్తకం చేయమన్నారు. ప్రచురణకర్తలు ఆయనకి ఇచ్చింది 6,000 పౌండ్లు. ఆ రోజుల్లో అంత సొమ్ము ఏ రచయితా కళ్లజూడలేదు. 1773లో మూడు సంపుటాలు వచ్చాయి. కుక్ రాసిందేదో, బ్యాంక్స్ రాసిందేదో, తాను చేర్చిందేదో తెలియకుండా కలిపేసి, అంతా కెప్టెనే ‘నేను’ అని చెబుతున్నట్టు నడిపించాడు హాక్స్‌వర్త్. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది, విమర్శలు అంతకంటే ఎక్కువగా వచ్చిపడ్డాయి. అదే సంవత్సరం చివర్లో ఆయన చనిపోయాడు.

కుక్ మాత్రం అప్పుడు రెండో యాత్ర మీద దక్షిణ సముద్రాల్లో ఉన్నాడు. తన పేరు మీద ఏం అచ్చయిందో ఆయనకి తెలియదు. 1775లో తిరుగుదారిలో సెయింట్ హెలెనా దీవిలో దిగితే అక్కడి వాళ్లు నిలదీశారు. ఆ దీవిలో చక్రాల తోపుడుబండి అన్నదే లేదనీ, దొరలు బానిసల్ని హింసిస్తారనీ పుస్తకంలో ఉందట. ఊళ్లో ఉన్న తోపుడుబళ్లన్నీ తెచ్చి ఆయన దిగిన ఇంటి ముందు వరసగా నిలబెట్టారు! పాపం, అందులో ఆ మాటలు ఎలా వచ్చాయో ఆయనకే అంతుపట్టలేదు. అందుకే రెండో యాత్ర పుస్తకం ఎవరికీ అప్పజెప్పకుండా తానే రాశాడు. డగ్లస్ అనే మతాచార్యుడు భాష సరిచూసి పెట్టాడు. అది 1777 మేలో వెలువడింది. కుక్ అంతకు ముందే, 1776 జూలైలో, మూడో యాత్రకి ఓడ ఎక్కాడు. 1779 ఫిబ్రవరి 14న హవాయి దీవిలో చంపేశారు. అంత పట్టుదలగా సొంత మాటల్లో రాసుకున్న పుస్తకం ఆయన చేతికి రానేలేదు.

మూడో యాత్ర గ్రంథం 1784లో వచ్చింది. మూడు సంపుటాలు, పెద్ద పటాల సంపుటం ఒకటి. మూడు రోజుల్లో ప్రతులన్నీ అయిపోయాయి. సేకరించేవాళ్లు ఇందులో ఒక సంగతి ముందు చూస్తారు. కుక్ మరణం బొమ్మ ఈ గ్రంథంలో భాగం కాదు. విడిగా అచ్చు వేసి అమ్మారు. కొందరు కొనుక్కుని తమ పటాల సంపుటంలో కుట్టించుకున్నారు, కొందరు కుట్టించుకోలేదు. కాబట్టి ఆ బొమ్మ ఉన్న ప్రతి కనబడితే, రెండు వందల ఏళ్ల కిందట దాన్ని కొన్న మనిషి ఏం కోరుకున్నాడో కూడా కనబడుతుంది.

ఎండీవర్ ఓడలోనే సిడ్నీ పార్కిన్సన్ అనే కుర్ర చిత్రకారుడు ఉండేవాడు. ఈ ఊరి పేరుకీ అతని పేరుకీ సంబంధం లేదులే. ఓడ బటావియా రేవులో ఆగినప్పుడు జ్వరాలూ విరేచనాలూ పట్టుకుని ఎందరో పోయారు. పార్కిన్సన్ 1771 జనవరిలో నడిసముద్రంలో పోయాడు. మొక్కలవీ జంతువులవీ దాదాపు వెయ్యి బొమ్మలు మిగిల్చాడు. అతని అన్న స్టాన్‌ఫీల్డ్ తమ్ముడి కాగితాల కోసం బ్యాంక్స్‌తో గొడవపడి, వాటిని తానే పుస్తకంగా తేవాలనుకుంటే, హాక్స్‌వర్త్ కోర్టుకెళ్లి తన పుస్తకం వచ్చేదాకా దాన్ని ఆపించాడు. చివరికి 1773లోనే ఒకదాని వెనక ఒకటి రెండూ వచ్చాయి. స్టాన్‌ఫీల్డ్‌కి ఆ తర్వాత మతి చలించింది, 1776లో చనిపోయాడు. అమ్ముడుపోని అచ్చు కాగితాలు ఫాదర్‌గిల్ అనే వైద్యుడు కొని దాచాడు. ఆయన పోయాక, 1784లో, అవి మళ్లీ పుస్తకంగా బయటికొచ్చాయి. ప్రభుత్వం వేసిన పుస్తకంతో పోలిస్తే ఇది బక్కపలచగా ఉంటుంది. నా మటుకు నాకు రెండింట్లో ఒకటే దొరుకుతుందంటే దీన్నే ఎంచుకుంటాను. దీన్ని అచ్చులోకి రానివ్వకూడదని అంతటివాళ్లు కంకణం కట్టుకున్నా వచ్చింది.

ఇందులో ఒక బొమ్మ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. బల్లెం ఎత్తి, డాలు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు మనుషులు. 1770 ఏప్రిల్ 29న బాటనీ బే ఒడ్డున, దిగడానికి వస్తున్న కుక్ పడవలకి ఎదురు నిలిచిన గ్వీగల్ తెగవాళ్లు. కుక్ మనుషులు వాళ్ల మీద తుపాకులు పేల్చారు. ఈ పుస్తకాలన్నీ ఓడ మీంచి ఒడ్డుని చూసినవాళ్లు రాసినవే. ఒడ్డు మీంచి ఓడని చూసినవాళ్ల రాత ఇందులో లేదు. అది మరిచిపోయి వీటిని చదవకూడదు. ఒక్క తుపాయా కొంతవరకు మినహాయింపు. రయాతియా దీవి పూజారి, నక్షత్రాలూ కెరటాలూ చూసి దారి చెప్పగల నావికుడు, తహితిలో ఎండీవర్ ఎక్కి వచ్చాడు. తన వాళ్లకి తెలిసిన దీవులన్నీ పటంగా గీయించాడు. బటావియాలో అతనూ చనిపోయాడు. ఆ పటాన్ని 1778లో జర్మన్ పండితుడు ఫోర్‌స్టర్ తన పుస్తకంలో అచ్చు వేశాడు. సేకరించేవాళ్లు ఆ పుస్తకం చేతికి రాగానే ముందు ఆ పటం ఉందో లేదో చూస్తారు.

ఇక ఫ్రెంచి నావికుడు లా పెరూజ్ కథ. అన్నయ్యా, దీని కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను అనుకో. సిడ్నీ నుంచి బస్సెక్కితే బాటనీ బే ఉత్తరపు కొసన అతని పేరే పెట్టుకున్న పేట వస్తుంది. సముద్రానికి ఎదురుగా స్తంభం, దగ్గర్లోనే అతని ఓడలో వచ్చి చనిపోయిన ఒక పాద్రీ సమాధి. గాలి విపరీతంగా కొడుతుంది అక్కడ. 1785లో ఫ్రాన్సు రాజు పంపిన రెండు ఓడలు 1788 జనవరిలో ఇక్కడికి చేరాయి. సరిగ్గా అదే వారంలో ఇంగ్లీషువాళ్లు ఖైదీలతో వచ్చి దిగారు. మార్చి 10న ఫ్రెంచి ఓడలు తెరచాప ఎత్తాయి. ఆపైన వాటిని చూసిన తెల్లవాడు లేడు. మనుషులు, ఓడలు, అన్నీ మాయం.

అయితే పుస్తకం ఎక్కడిది? అదే విచిత్రం. ముందటి సంవత్సరం సెప్టెంబరులో ఓడలు రష్యా తూర్పు కొసన కమ్చట్కాలో ఆగినప్పుడు, రష్యన్ భాష వచ్చిన కుర్రవాడు బార్తెలెమీ డి లెస్సెప్స్‌ని దింపి, అప్పటిదాకా రాసినవీ గీసినవీ పెట్టెలో పెట్టి అప్పజెప్పారు. నేల మీద ఫ్రాన్సు చేర్చాలి. కుక్కలు లాగే బళ్ల మీద, రెయిన్‌డీర్ బళ్ల మీద, గుర్రాల మీద, సైబీరియా మంచు అంతా దాటి, 1788 అక్టోబరులో అతను వెర్సాయ్ చేరాడు. అప్పటికి సముద్రంలో వెళ్లినవాళ్ల ఆనవాలు పోయింది. బాటనీ బే దాకా రాసిన మిగతా కాగితాలు, లా పెరూజ్ ముందుచూపుతో ఇంగ్లీషు ఓడల చేతికి ఇవ్వడం వల్ల, వాళ్ల ద్వారా ఫ్రాన్సు చేరాయి. పోటీదేశం వాళ్లే అయినా మాట నిలబెట్టుకున్నారు. ఈలోగా ఫ్రాన్సులో విప్లవం వచ్చి రాజు తల తెగింది. 1791లోనే ప్రజాసభ ఈ యాత్రాగ్రంథాన్ని ప్రభుత్వ ఖర్చుతో అచ్చు వేయాలని తీర్మానించింది, లా పెరూజ్ భార్యని ఆదుకోవడానికి. 1797లో నాలుగు సంపుటాలు, ఒక పటాల సంపుటం బయటికొచ్చాయి.

కథ అక్కడితో ఆగలేదు. 1826లో పీటర్ డిలన్ అనే ఓడ కెప్టెన్‌కి పసిఫిక్‌లో ఒక దీవివాళ్ల దగ్గర ఫ్రెంచి కత్తిపిడి కనబడింది. అతను కలకత్తా వచ్చి ఈస్టిండియా కంపెనీని ఒప్పించి, వాళ్ల ఓడలోనే 1827లో వనికోరో దీవికి వెళ్లాడు. పగడపు దిబ్బల మీద రెండు ఓడలూ పగిలిన చోటు అదే. దొరికిన లోహపు ముక్కలూ గంటా ఫిరంగులూ పారిస్ చేరాక వాటిని గుర్తుపట్టడానికి ఎవరున్నారు? లెస్సెప్స్ ఉన్నాడు. నలభై ఏళ్ల కిందట పెట్టె పట్టుకుని దిగిపోయిన ఆ కుర్రవాడే ముసలివాడై వచ్చి, ఇవి మా ఓడవే అని చెప్పాడు. లెస్సెప్స్ సొంతంగా రాసిన సైబీరియా ప్రయాణం పుస్తకం 1790లో వచ్చింది. డిలన్ పుస్తకం 1829లో వచ్చింది. లా పెరూజ్ సంపుటాల పక్కన ఈ రెండూ ఉంటేనే కథ పూర్తవుతుందని నమ్మినవాళ్లు ఇక్కడ ఉన్నారు. బీరువాలో పక్కపక్కన నిలబెట్టిన ఆ వరసని చూస్తే నాకు ఒళ్లు పులకరించింది. ఒకే రకం అట్టలు వేయించిన సెట్టు ఎంత అందంగా ఉన్నా ఈ ఆనందం దానికి రాదు.

నికొలా బొదాఁ సంగతి మాత్రం బాధ కలిగిస్తుంది. ఫ్లిండర్స్‌తో పోటీగా ఇదే తీరం కొలిచిన ఫ్రెంచి కెప్టెన్ ఇతను. 1803లో మారిషస్‌లో చనిపోయాడు. అతనితో పడని పెరోఁ అనే శాస్త్రజ్ఞుడు 1807లో యాత్రాగ్రంథం రాస్తూ నాయకుడి పేరే రాకుండా చూశాడు. దక్షిణ తీరానికి నెపోలియన్ పేరు పెట్టుకున్నారు. కనిపెట్టినవాడు పోయాక, కలం పట్టుకున్నవాడి ఇష్టారాజ్యం అన్నమాట.

ఇక్కడి ఒక పాత పుస్తకాల దుకాణంలో ఒక పెద్దాయన పుస్తకం ఎలా పరీక్షించాలో చూపించాడు. ముందు ధర అడగొద్దన్నాడు. ఆ అచ్చులో ఎన్ని బొమ్మలు, ఎన్ని మడత పటాలు ఉండాలో జాబితా పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే లెక్క చూసుకోవాలి. మడతల దగ్గర చిరుగు ఉంటే వెనకనుంచి కాగితం అతికారా చూడాలి. పుటని వెలుతురుకి ఎత్తి కాగితంలో నీటిగుర్తు చూడాలి. ఆ కాలపు కాగితం గుడ్డ పీలికలతో చేసింది కాబట్టి ఇంకా మెత్తగా, గట్టిగా ఉంది. తర్వాత వంద ఏళ్లకి కలపగుజ్జుతో చేసిన కాగితం పట్టుకుంటే పొడి రాలుతుంది. తుప్పురంగు మచ్చలు ఉంటే ఉండనీ, కడిగించి తెల్లగా చేసిన పుస్తకం కొనొద్దు అన్నాడు. పాత యజమాని సంతకం, మూలన పెన్సిలు గీతలు, లోపలి అట్టకి అతికించిన ముద్ర, ఇవన్నీ ఆ పుస్తకం ఎవరెవరి ఇళ్లలో బతికిందో చెప్పే సాక్ష్యాలు.

ఒక విషయం చెబుతూ ఆయన గొంతు తగ్గించాడు. ఎండీవర్ తిరిగొచ్చిన రెండు నెలలకే, అధికారిక గ్రంథానికి ముందే, 1771లో ఎవరో పేరు లేకుండా యాత్ర వర్ణన అచ్చు వేయించారు. దినచర్యలన్నీ నౌకాశాఖకి అప్పజెప్పాలని ఆజ్ఞ ఉన్నా ఒక నావికుడు దాచుకున్నాడన్నమాట. దాని మొదట్లో నౌకాశాఖ ప్రభువులకీ బ్యాంక్స్‌కీ అంకితం అంటూ ఒక పుట వేశారు. వాళ్ల అనుమతి లేదు కాబట్టి వెంటనే ఆ పుట తీసేయించారు. తీసేయకముందు బయటికి వెళ్లిపోయిన కొద్ది ప్రతుల్లోనే అది మిగిలింది. ఒక్క కాగితం! ఉన్న ప్రతికీ లేని ప్రతికీ ధరలో ఎంత తేడా ఉంటుందో నువ్వే ఊహించుకో.

అదే బజారులో నాకు కోపం తెప్పించినదీ చూశాను. పుస్తకాన్ని కోసి, బొమ్మలూ పటాలూ విడివిడిగా చట్రాలు కట్టి అమ్మేవాళ్లున్నారు. మొత్తం పుస్తకానికి వచ్చే దానికంటే ముక్కలకి ఎక్కువ వస్తుందట. గోడ మీద పటం బాగానే ఉంటుంది. కానీ ఆ పటం గీసినవాడు ఆ రోజు ఎందుకు ఒడ్డు చేరలేకపోయాడో చెప్పే పుట చెత్తబుట్టలో పోతుంది. సముద్రం చేయలేని నాశనం ఒక చాకు చేస్తోంది. సేకరించేవాడు ఒక్క పుస్తకం మొత్తంగా కొని దాచాడంటే ఆ చాకు నుంచి తప్పించినట్టే.

నువ్వు చూస్తే పొంగిపోయే పుస్తకం ఒకటుంది. అలెగ్జాండర్ షా అనే ఆయన 1787లో లండన్‌లో తయారుచేశాడు. కుక్ మూడు యాత్రల్లో పసిఫిక్ దీవుల నుంచి తెచ్చిన నారబట్టల్ని ముక్కలుగా కత్తిరించి, బట్టల కొట్టులో రవికె గుడ్డల నమూనాలు చూపించినట్టు, వరసగా కుట్టించాడు. ముందు కొద్ది పుటలు ఆ బట్ట ఎలా చేస్తారో, ఏ దీవిదో చెబుతాయి. చెట్టు బెరడు నానబెట్టి, చెక్క సుత్తితో ఆడవాళ్లు సాగగొట్టి తీసిన బట్ట అది. తహితిది పలచగా ఉంటుంది, హవాయిదాని మీద గీతలూ గళ్లూ అద్దిన నమూనాలు. బందరు, పెడన అద్దకం చూస్తూ పెరిగిన వాళ్లం కదా, ఎవరి చేతుల పనో తెలియని ఆ గీతల ముందు నాకు మాట రాలేదు. ప్రతి పుస్తకంలోనూ ముక్కలు వేరు, కాబట్టి ఏ రెండు ప్రతులూ ఒకటి కావు. ఒడ్డు మీది వాళ్ల చేతిపని ఈ పుస్తకాల్లో నేరుగా కనబడేది ఇక్కడే.

ఇంకొకటి, అంటార్కిటికాలో అచ్చయిన మొదటి పుస్తకం. 1908 చలికాలం, ధ్రువయాత్రికుడు షాకిల్టన్ బృందం చిన్న చెక్క ఇంట్లో నెలల తరబడి చీకట్లో ఉండి ‘అరోరా ఆస్ట్రాలిస్’ తీసుకొచ్చింది. చలికి సిరా గడ్డకట్టకుండా పళ్లెం కింద దీపం పెట్టి, అక్షరాలు ఒక్కొక్కటే కూర్చి, వంద ప్రతుల లోపే వేశారు. అట్టలకి ఇంకేమీ లేక సరుకులు వచ్చిన చెక్కపెట్టెలు చిత్రిక పట్టి వాడారు. వాటి మీద పెట్టెలో ఏముందో రాసిన అక్షరాలు అలాగే మిగిలాయి. వెన్న పెట్టెది ఒక ప్రతి, చిక్కుడు గింజలది ఇంకో ప్రతి. ఇప్పటికీ వాటిని ఆ పేర్లతోనే పిలుస్తారు. అందులో ఎరిబస్ అగ్నిపర్వతం ఎక్కిన సంగతి రాసిన ఎడ్జ్‌వర్త్ డేవిడ్ ఈ సిడ్నీ విశ్వవిద్యాలయం ఆచార్యుడే.

ఇవన్నీ ఇక్కడ చూడగలుగుతున్నామంటే డేవిడ్ స్కాట్ మిచెల్ చలవ. 1836లో ఇదే ఊళ్లో పుట్టాడు. తండ్రి నుంచి హంటర్ లోయ బొగ్గు భూములు సంక్రమించాయి. పెళ్లి చేసుకోలేదు, ఈ దేశం వదిలి వెళ్లలేదు, మనుషుల్లోకి రావడమూ తక్కువే. ఆస్ట్రేలియాకీ పసిఫిక్‌కీ సంబంధించి అచ్చయిన ప్రతి కాగితం కావాలని పట్టుబట్టాడు. గుర్రపుబండి కట్టించుకుని పాత పుస్తకాల అంగళ్లు తిరిగేవాడు. బ్యాంక్స్ ఎండీవర్ మీద స్వయంగా రాసుకున్న దినచర్య ఇంకొకరి దగ్గర ఉంటే, దాని కోసం 7,000 పౌండ్లు పెట్టి ఆ మనిషి గ్రంథాలయం మొత్తం కొనేశాడు. ఆ దినచర్య ఇప్పుడు మాక్వారీ వీధిలో ఉంది. హాక్స్‌వర్త్ ఎక్కడ ఏం మార్చాడో ఎవరైనా పోల్చి చూసుకోవచ్చు.

1898లో మిచెల్ ఒక మాట ఇచ్చాడు. తన దాదాపు 40 వేల పుస్తకాలూ, పటాలూ, రాతప్రతులూ ప్రజలకి ఇస్తాను, కాని వాటికి తగిన భవనం కట్టాలి, విడదీయకూడదు, అందరికీ ఉచితంగా చూపించాలి. నిర్వహణకి 70,000 పౌండ్లు కూడా రాసిచ్చాడు. ప్రభుత్వం ఏళ్ల తరబడి జాగు చేసి 1906లో పునాది వేసింది. 1907 జూలైలో ఆయన పోయాడు. గ్రంథాలయం తలుపులు 1910లో తెరిచారు. కట్టిన ఇల్లు ఆయనా చూడలేదు! లోపలికి అడుగుపెడితే నేల మీద పాలరాతితో పొదిగిన టాస్మాన్ పటం, 1642, 1644 యాత్రల దారులతో. మూలపటం కూడా వీళ్ల దగ్గరే ఉంది.

చదువుల గదిలో పద్ధతులు గట్టివి. సంచి బయట పెట్టాలి, పెన్ను తీయకూడదు, పెన్సిలే. చేతులు కడుక్కుని తుడుచుకుని రావాలి. తెల్ల తొడుగులు వేస్తారనుకున్నాను, కాగితానికి ఉత్త చేతులే మంచివట. పుస్తకాన్ని ఏటవాలు దిండు మీద పెట్టి, పుట లేవకుండా బరువైన తాడు వేస్తారు. నా పక్కన ఒక బడిపిల్ల తన ఊరి పాత పటం చూసుకుంటోంది. ఎవరి పిల్లవి, ఎందుకు వచ్చావని ఎవరూ అడగలేదు.

మనకీ వీటికీ ఏం సంబంధం అంటావేమో. కుక్ కంటే ముందే ఆస్ట్రేలియాకీ న్యూగినీకీ మధ్య దారి ఉందని వాదించిన అలెగ్జాండర్ డాల్రింపుల్ పని నేర్చుకున్నది మద్రాసులో, కంపెనీ కొలువులో. 1606లో స్పెయిన్ నావికుడు టోరెస్ వెళ్లిన దారి పాత కాగితాల్లో పట్టుకుని, పటం మీద గీసి, 1767లో అచ్చు వేయించాడు. ఆ పుస్తకం బ్యాంక్స్ వెంట ఎండీవర్ ఎక్కింది. పాత యాత్రల కాగితాలు కూడబెట్టినవాడు కొత్త ఓడకి దారి చూపించాడన్నమాట.

మన బందరు కూడా ఇక్కడ దొరికింది. 1846లో మొదలైన హాక్‌ల్యూట్ సంఘం పాత యాత్రాగ్రంథాల్ని మళ్లీ అచ్చు వేస్తోంది. నీలం అట్ట మీద బంగారు ఓడ బొమ్మ ఉంటుంది. 1931లో మోర్లాండ్ సంపాదకత్వంలో వచ్చిన గోల్కొండ సంపుటంలో, 1618 నుంచి 1622 దాకా బందరులో ఇంగ్లీషు వర్తకశాల నడిపిన విలియం మెథ్వల్డ్ రాత ఉంది. ఊరు కట్టిన తీరూ ఉన్న చోటూ బాగోలేవన్నాడు, జనం మాత్రం నిండుగా ఉన్నారన్నాడు. కృష్ణ వైపు వజ్రాల గని కూడా చూసి రాశాడు. ఆ సంపుటం కొన్నాను, నీ కోసమే.

మనవాళ్లలో ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడు కదా. 1830లో మద్రాసు నుంచి బయల్దేరి కాశీ వెళ్లి 1831లో తిరిగి వచ్చాడు. దారిపొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి రాస్తూ పోయాడు. 1836లో వీరాస్వామయ్య చనిపోయాడు. శ్రీనివాస పిళ్లె ఆ కాగితాలు భద్రంగా దాచి 1838లో అచ్చు వేయించాడు. మన యాత్రాగ్రంథం కూడా రాసినవాడు చూడనిదే. అందుకున్న స్నేహితుడు లేకపోతే అదీ లేదు.

అందుకే అడుగుతున్నాను అన్నయ్యా. పై గదిలో నువ్వు ముప్పై నలభై ఏళ్లుగా చేరదీసిన పుస్తకాలున్నాయి. పాత యాత్రాచరిత్రలు, పత్రికల బైండ్లు, రంగూన్‌లో అచ్చయినవి. మన పిల్లలు వేరే దేశాల్లో ఉన్నారు, తెలుగు చదవడం అంతంతమాత్రం. రేపు ఎవరో కిలోల లెక్కన తూకం వేస్తే అడ్డుపడేవాళ్లు ఉండరు. ఒక నోటుబుక్కు తీసుకో. ఏ పుస్తకం ఎక్కడ, ఎవరి దగ్గర తీసుకున్నావో రాయి, లోపల ఎవరి సంతకం ఉందో కూడా రాయి. వేటపాలెం సారస్వత నికేతనమో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయమో, నీకు నమ్మకం కుదిరిన చోటు ఒకటి ఎంచుకో. విడదీయకూడదు, అడిగినవాళ్లకి చూపించాలి అనే మిచెల్ షరతులు పెట్టి, సంతకం చేసి, నకలు నాకు పంపు. ఈ పని వచ్చే సంక్రాంతికి వాయిదా వేయకు. జాబితాకి నేనూ వచ్చి కూర్చుంటాను.

ఇట్లు,
నీ తమ్ముడు